నీళ్ళు ఎవరి లెక్కలోవి

అక్టోబరు 27

ఈ ఇంట్లో నోరు నాది, మాటలు వాళ్ళవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బీరువాకి అటూ ఇటూ తిరిగి కాళ్ళు పీకుతున్నాయి.

ముందుగది మధ్యలో బీరువా. కిటికీ వైపు ఆయన బల్ల, గుమ్మం వైపు మరిది బల్ల. బీరువా చివర నా కుర్చీ, కంప్యూటరు, ఫోను. నాకు ఇద్దరూ కనిపిస్తారు. వాళ్ళకి ఒకరికొకరు కనిపించరు. సిమెంటు గోదాముకి రేడియో లింకు వేసిన పని అయినప్పటినుంచి ఇదే వరస. ఆ రోజు గోదాము యజమాని ముందు ఆయన, "మావాడు చిన్నపిల్లాడు లెండి, వాడి లెక్క పట్టించుకోకండి" అన్నారు. చిన్నపిల్లాడికి నలభై దాటాయి, మీసం నెరిసింది. వాడూ ఊరుకోలేదు. "అన్నయ్యవి తాతలనాటి లెక్కలు" అన్నాడు. అంతే, మాటల్లేవు. గోడవారనున్న బీరువాని గది మధ్యకి జరపడానికి మాత్రం ఇద్దరూ చెరోపక్కా పట్టుకున్నారు.

ఇప్పుడొచ్చిన పని పరాయి పని కూడా కాదు. సరస్సు అవతలి ఆరోగ్య కేంద్రానికీ ఇవతలి పెద్దాసుపత్రికీ మధ్య రేడియో లింకు, అంటే ఎదురెదురు డిష్‌ల మధ్య తీగ లేకుండా మాటా బొమ్మా పంపే దారి. అక్కడ నర్సు మా ఆడపడుచే, వీళ్ళిద్దరి మధ్యలో పుట్టినది. అక్కడ డాక్టరు లేడు. ఫోనులో మాట వినపడితే వినపడినట్టు, లేకపోతే లేదు. లింకు నిలబడితే ఇక్కడి డాక్టరు రోజూ పొద్దున్నే తెరమీద అక్కడి రోగుల్ని చూస్తారు. ఈసీజీలో గీసిన గుండె గీతలు, ఎక్స్‌రేలు అటునుంచి ఇటు వస్తాయి. డిసెంబరు మొదట్లో మొదలుపెట్టి, నెలాఖరుకి ఆసుపత్రి కమిటీ వచ్చి చూస్తుందట. నిలకడగా ఉంటే కేంద్రం ఉంటుంది. లేకపోతే కొత్త సంవత్సరంలో తాళం వేస్తారు. అటువైపు జనం ఒంట్లో బాగాలేకపోతే సరస్సు చుట్టూ తిరిగి రావాల్సిందే.

ఇంత పని చేతిలో పెట్టుకుని అన్నదమ్ములు మూతులు ముడుచుకు కూర్చున్నారు. దేవుడా, నాకు కోపం వద్దు, ఓపిక ఇవ్వు.

అక్టోబరు 30

అద్దాల పని అయింది. మరిది అవతల కేంద్రం నీళ్ళ ట్యాంకు మీదికెక్కి అద్దం పట్టుకున్నాడు. నేనూ ఆయనా ఇక్కడ ఆసుపత్రి మేడమీద. వాడు అద్దంతో ఎండని మావైపు తిప్పితే మాకు మెరుపు కనిపించాలి. కనిపిస్తే దారికి అడ్డం లేనట్టు.

ఫోను నా చెవిలో. "వదినా, తిప్పుతున్నా చూడమను." "తిప్పుతున్నాడట, చూడండి." "చూస్తూనే ఉన్నానని చెప్పు."

కనిపించింది. ఎంత బాగుందో! గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు. పైన ఒక మెరుపు, సరిగ్గా దాని కింద నీళ్ళలో ఇంకో మెరుపు. చేతులు జోడించాను. ఆయన దూరదర్శిని దించి, "ఒకటి కనిపిస్తే చాలు. అయిపోయింది, కిందికి పద" అన్నారు.

నవంబరు 3

నేను టైపు చేసేది నాకు అర్థం కావాలని ఆయన ఈరోజు కూర్చోబెట్టి చెప్పారు. మాట్లాడే మనిషి ఇంకెవరూ లేక కూడా అయ్యుండొచ్చు.

"ఇక్కడ పంపినదంతా అక్కడికి చేరదు. దూరం కొంత తింటుంది. వాన కొంత, చెట్టు కొంత, కేబులు కొంత. ఏది ఎంత తింటుందో ముందే అంచనా కట్టాలి. అందరూ తిన్నాక కూడా అవతలివాడికి వినపడేంత మిగలాలి. ఆ మిగులు ఎంతో చెప్పడమే మన విద్య."

సిగ్నలు బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారట, దూరమే నూట ముప్పై రెండు తినేస్తుందట. చివరికి ముప్పై రెండు మిగులుతుందట. ఇందులో మూడు తగ్గితే సగం పోయినట్టట, పది తగ్గితే పదో వంతు మిగిలినట్టట. నేను పదో తరగతి దాకా చదివిన లెక్కల్లో మూడు తగ్గితే మూడే తగ్గేది.

లెక్క ఎప్పుడూ రెండు ముక్కలు. దారి ఆయనది, అంటే దూరం, నేల, చెట్లు, వాన. చివరలు మరిదివి, అంటే రేడియో, డిష్‌లు, కేబుళ్ళు, ఏ ఎత్తున పెట్టాలన్నది. మాటలున్న రోజుల్లో ఒకే బల్లమీద ఒకే కాగితంమీద వేసేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరివీ తెచ్చి నేను కలిపి టైపు చేస్తున్నాను.

సాయంత్రం కిటికీ వైపునుంచి ఆయన, "ఇదిగో, వాడితో చెప్పు. మధ్యలో అంతా నీళ్ళే. నీళ్ళంటే అద్దం. ఎత్తు పెట్టేటప్పుడు అది చూసుకోమను. తలకాయ ఇంట్లో మరిచిపోయి టవరెక్కే అలవాటు వాడికి" అన్నారు.

నేను ఇటు వచ్చి, "ఎత్తు సంగతి కాస్త జాగ్రత్తగా చూడమంటున్నారు అబ్బాయ్" అన్నాను.

వాడు కస్సుమన్నాడు. "నా ఎత్తులు నాకు తెలుసు. దారి ఆయనది కదా? దార్లో ఉన్న రాయీ రప్పా నీళ్ళూ అన్నీ ఆయనవే. ఆ నీళ్ళ లెక్కేదో ఆయన్నే వెయ్యమను. వెయ్యడం రాకపోతే తాగమను."

నేను అటు వెళ్ళి, "సరేనన్నాడండీ" అన్నాను.

ఉన్నది ఉన్నట్టు మోస్తే ఈపాటికి ఈ ఇంట్లో ఒకరి తల పగిలి ఉండేది. మాటలో ముల్లు తీసి చేతికివ్వడం తప్పేమీ కాదు.

నవంబరు 4

ఆసుపత్రికి రిపోర్టు వెళ్ళింది. చూడటానికి చక్కగా ఉంది.

నవంబరు 14

ఇవాళ్టి సంగతి రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

డిష్‌లు ఒకదానికొకటి ఎదురెదురుగా తిప్పే రోజు. ఈసారి మరిది ఇవతల ఆసుపత్రి మేడమీద, ఆయన అవతల కేంద్రం ట్యాంకు మీద. ఒకరు కదుపుతుంటే రెండోవాళ్ళు అంకె చూసి చెప్పాలి. మామూలుగా ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటే అరగంట పని. మధ్యలో నేనుండాలి కాబట్టి నన్ను బస్సెక్కించి అవతలికి తీసుకెళ్ళారు. నేను ట్యాంకు కింద నిలబడి ఫోనులో విని పైకి అరవాలి. నా గొంతు పక్కగదిలోకే వినపడదు.

"వదినా, కొంచెం ఎడమకి."

"ఏమండీ, కొంచెం ఎడమకట!"

"ఎవరి ఎడమ? వాడి ఎడమా, నా ఎడమా?"

"అబ్బాయ్, ఎవరి ఎడమ?"

"డిష్ ఎడమ!"

"డిష్ ఎడమట!"

"డిష్‌కి ముందునుంచి చూస్తే ఎడమా, వెనకనుంచి చూస్తే ఎడమా? కాస్త బుర్ర పెట్టి చెప్పమను!"

"అబ్బాయ్, ముందునుంచా వెనకనుంచా?"

"వచ్చింది! ఆపమను! ఆపమను వదినా! అయ్యో, దాటిపోయింది."

ఇలా ఎండ నెత్తికెక్కేదాకా. ఆడపడుచు కేంద్రం గుమ్మంలో నడుంమీద చెయ్యి వేసుకుని చూస్తోంది. ఆమె వెనక బెంచీమీద రోగులు, మందులకోసం వచ్చినవాళ్ళు మందులు మరిచిపోయి చూస్తున్నారు. "ఆ పైనున్నాయన మీ అన్నగారా?" అని ఒక ముసలమ్మ అడిగింది. "ఏమో, ఇవాళ్టికి కాదు" అంది ఆడపడుచు.

చివరికి పడింది. లెక్కలో ఎంత రావాలో సరిగ్గా అంతే వచ్చింది. ఆయన పైన నవ్వారు. మరిది ఫోనులో ఈల వేశాడు. ఎవరి సంతోషం వాళ్ళు పడ్డారు.

నేను కూడా మెట్లెక్కి పైకి వెళ్ళి చూశాను. ట్యాంకు అంచున డిష్. కేంద్రానికీ సరస్సుకీ మధ్య ఒక రాళ్ళ దిబ్బ ఉంది. ట్యాంకు మీదనుంచి చూస్తే దిబ్బ మీదుగా నీళ్ళు ఒడ్డుదాకా కనిపిస్తాయి. గాలికి అలలు లేస్తూ గరుకుగా ఉన్నాయి నీళ్ళు. "చూశావా, ఎక్కడా అడ్డం లేదు" అన్నారు ఆయన.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో గొంతు పూర్తిగా పోయింది. ఆయన, "ఏం, మాట్లాడవేం?" అన్నారు.

నవంబరు 29

రెండు రోజులనుంచి ఈదురుగాలి. మేడమీద రేకులు ఎగిరిపోతున్నాయి. ఎల్లుండినుంచి డాక్టరు తెర ముందు కూర్చుంటారు. డిష్ ఊగితే ఎలా? గాలి తగ్గాలని, వాతావరణం నిమ్మళించాలని, సరస్సు ప్రశాంతంగా ఉండాలని మోకాళ్ళమీద కూర్చుని అడిగాను.

డిసెంబరు 1

బొమ్మ స్పష్టంగా వచ్చిందట. ఇంకా కాస్త గాలి ఉంది. అది కూడా తగ్గించమని అడిగాను.

డిసెంబరు 3

ప్రార్థన ఫలించింది. ఆకు కదలడం లేదు.

లింకు పోయింది.

పొద్దున్నే ఆడపడుచు ఫోను. "వదినా, తెర నల్లబడింది. డాక్టరుగారు సగం మాటలో ఉండగా పోయింది. ఇక్కడేమో గాలీ వానా ఏమీ లేదు, సరస్సు చూస్తే గాజు పలక పరిచినట్టుంది. ఎండ బాగా ఎక్కాక మళ్ళీ దానంతటదే వచ్చింది. ఏం తగలేశారు మీవాళ్ళు?"

నేను బీరువా ఇవతల, "పొద్దున్న కాసేపు పోయిందట" అన్నాను. అవతల, "పొద్దున్న కాసేపు పోయిందట" అన్నాను. ఆడపడుచు మాటల్లో సగం వాతావరణం, సగం తిట్లు. అవన్నీ మోసుకురావడం నావల్ల కాదు.

"వాడి రేడియో తెల్లారి చలికి మొరాయిస్తోంది. మార్చమను" అన్నారు ఆయన.

"ఆయన చెట్లు సరిగ్గా లెక్కపెట్టి ఉండరు. మళ్ళీ చూడమను" అన్నాడు మరిది.

డిసెంబరు 5

మళ్ళీ పోయింది. మరిది రేడియో మార్చాడు. మార్చిన మర్నాడు బాగుంది, ఆ పూట గాలి వేసింది. "చూశావా" అన్నారు ఆయన. ఇవాళ పోయింది. "చూశావా" అన్నాడు మరిది.

నేను చూస్తూనే ఉన్నాను. నా కళ్ళు కాయలు కాస్తున్నాయి.

డిసెంబరు 8

పోయింది. నాకు కోపం లేదు.

డిసెంబరు 9

ఆయన అవతలికి వెళ్ళి ఒడ్డున చెట్లన్నీ చూసి వచ్చారు. ఏ చెట్టూ అడ్డం లేదట. మరిది కేబుళ్ళన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. ఎక్కడా వదులు లేదట. ఆయన ముక్క ఆయన దగ్గర సరిగ్గా ఉంది. వాడి ముక్క వాడి దగ్గర సరిగ్గా ఉంది. రెండు సరైన ముక్కలు కలిపితే సరికానిది ఎలా వస్తుందో నాకు తెలియదు.

పొద్దున ప్రార్థనలో, ఇంకా నిమ్మళంగా ఉంచు స్వామీ అనబోయి, ఎందుకో నోరు రాలేదు.

డిసెంబరు 11

ఇవాళ ఒక మనిషి చావు తప్పించుకున్నాడు.

రిటైరైన బడిపంతులు. తెల్లవారుతూనే గుండెలో నొప్పి అని భార్య చెయ్యి పట్టుకుని కేంద్రానికి నడిచొచ్చాడట. ఆడపడుచు గుండె గీత తీసి పంపుతుంటే సగం వచ్చి ఆగిపోయింది. ఇక్కడ డాక్టరు ఆ సగం గీత పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నారు. తెర నల్లగా ఉంది. ఫోనులో మాట ముక్కలు ముక్కలు. ఆఖరికి ఆడపడుచు తనకు తోచిన మందు వేసి, జీపులో సరస్సు చుట్టూ తిప్పి తీసుకొచ్చింది. మనిషి దక్కాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నారట.

ఆసుపత్రి సూపరింటెండెంటు మా ఇంటికి ఫోను చేశారు. గట్టిగా కూడా మాట్లాడలేదు. "నెలాఖరుకి కమిటీ వస్తుంది. ఇలాగైతే నేను చెప్పడానికేమీ ఉండదమ్మా. మూసెయ్యండి అంటారు" అన్నారు.

బీరువా అవతల చెప్పాను. "వాడి చేతకానితనం" అన్నారు. బీరువా ఇవతల చెప్పాను. "ఆయన మొండితనం" అన్నాడు.

పంతులుగారి మాట చెప్పినప్పుడు ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. అది నేను చూశాను. ఒకరిది ఒకరు చూడలేదు. మధ్యలో బీరువా ఉంది కదా.

డిసెంబరు 12

రేపటినుంచి మౌనం పాటిద్దామనుకుంటున్నాను. ఎంతకాలమో దేవుడి ఇష్టం. పంతులుగారు బాగుపడాలని మొక్కుకున్నాను. ఇందులో వేరే ఉద్దేశమేమీ లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. "రేపటినుంచి నేను మాట్లాడను. సైగలు చెయ్యను. కాగితం రాయను. ఫోను మీరే తీసుకోండి."

"ఇప్పుడా!" అన్నారు ఇద్దరూ. ఏడాదిలో ఇద్దరి నోటా ఒకే మాట వినడం ఇదే.

డిసెంబరు 13

మౌనం.

ఆయన పొద్దున్నే అలవాటుగా, "ఇదిగో, వాడితో చెప్పు" అని మొదలుపెట్టి ఆగారు. మరిది ఒక చీటీ రాసి నా బల్లమీద పెట్టి, కళ్ళతో అటు చూపించాడు. దాన్ని తీసి ప్రార్థన పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆయన కూడా ఒక చీటీ పెట్టారు. పుస్తకంలో రెండు గుర్తులు ఎందుకని దాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా మడిచి పెట్టాను.

మనసు చాలా తేలిగ్గా ఉంది. భక్తివల్లే.

డిసెంబరు 14

నా ఉద్యోగం బీరువాకి పోయింది.

పొద్దున్న మళ్ళీ లింకు పోయింది. కాసేపు ఇద్దరూ కుర్చీల్లో కదిలారు, దగ్గారు, పెన్నులు బల్లమీద కొట్టారు. తర్వాత ఆయన బీరువా తలుపువైపు చూస్తూ, "ఏమే బీరువా! అటుపక్కనున్న పెద్దమనిషికి చెప్పు. నేను మొదట్లోనే చెప్పించాను, మధ్యలో నీళ్ళున్నాయి, నీళ్ళంటే అద్దం, ఎత్తు పెట్టేటప్పుడు అది చూసుకోమని. చూసుకోలేదు" అన్నారు.

ఇటునుంచి మరిది బీరువా వెనకరేకు మీద చేత్తో దబ్‌మని కొట్టాడు. "బీరువా! అటుపక్కనున్న పెద్దాయనకి చెప్పు. నాకు నీళ్ళ మాట ఎవరూ చెప్పలేదు. ఎత్తు జాగ్రత్త అన్నారు. జాగ్రత్త అంటే ఎత్తుగా పెట్టమన్నారేమో అనుకుని ట్యాంకు కొసమీద పెట్టాను. నీళ్ళు దార్లోవి, ఆ లెక్క ఆయన్నే వెయ్యమని నేను కూడా చెప్పించాను."

"నాకెవరు చెప్పారు? సరేనన్నాడని చెప్పారు!"

"నేను సరే అనలేదు! తాగమన్నాను!"

"ఏం తాగమన్నావ్?"

"ఆ నీళ్ళే!"

ఇక బీరువాని వదిలేశారు. అటునుంచి ఆయన, ఇటునుంచి వాడు బీరువా చివరికి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ఇద్దరూ నన్ను చూశారు. "నువ్వేం చెప్పావ్?" అన్నారు ఆయన. "వదినా, నువ్వేం చెప్పావ్?" అన్నాడు వాడు.

నేను మౌనంలో ఉన్నాను కాబట్టి ఏమీ చెప్పడానికి వీల్లేకపోయింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను.

ఆ సమయానికే ఫోను మోగింది. నేను తియ్యలేదు. మరిది తీశాడు. "అక్కా, లింకు పోయినప్పుడు అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి?"

ఆమె గొంతు ఫోనులోంచి గదంతా వినపడింది. "ఎలా ఉంటాయేంట్రా? గాజు పలకలా ఉంటాయి! మొదటిరోజునుంచీ మొత్తుకుంటూనే ఉన్నా కదా! గాలి వేస్తే వస్తుంది, గాలి ఆగితే పోతుంది. వదిన చెప్పలేదా?"

ఇద్దరూ మళ్ళీ నావైపు చూశారు. నా కళ్ళు మూసే ఉన్నాయి. అయినా తెలిసింది.

తర్వాత నా కంప్యూటరులోనే, నా బల్లమీదే, నన్ను పక్కకి జరిపి, మ్యాపు తెరిచారు. ఆయన వేలితో గీత గీస్తుంటే వాడు అంకెలు చెబుతున్నాడు. "ఒకటి నేరుగా వస్తోంది. ఇంకోటి నీళ్ళమీద పడి లేచి వస్తోంది. రెండూ ఒకే చోట కలుసుకుని ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. అలలుంటే ఆ రెండోది చెదిరిపోతోంది, అందుకే గాలున్న రోజు బతుకుతోంది" అన్నాడు వాడు. మన ముప్పై రెండు మిగులూ అందులోనే ఊడ్చుకుపోతోందన్నారు ఆయన.

అద్దాల రోజు నేను చూసిన రెండో మెరుపు అదే. ఆ రోజు నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నీళ్ళ మాటలు కూడా... వాటిని నేను పారెయ్యలేదు. వాటికి అంటుకున్న తిట్లు పారేశాను. అవి వాటితోపాటు పోయాయి.

సాయంత్రందాకా అరుచుకున్నారు. ఒకసారి ఆయన కాగితాలు విసిరారు. ఒకసారి వాడు చెప్పులేసుకుని బయటికి పోయి, గేటు దాటకుండానే, "ఇంకోటి మర్చిపోయావ్" అని తిరిగొచ్చాడు. చివరికి ఇలా:

"కిందికి దింపాలి."

"దింపితే దిబ్బ అడ్డమొస్తుంది."

"రావాలిరా. నీళ్ళమీదనుంచి లేచొచ్చేదానికి దిబ్బ అడ్డం రావాలి. నేరుగా వచ్చేది దాని తలమీదుగా పోవాలి."

"నేరుగా వచ్చేదానికి కూడా కాస్త రాసుకుంటుంది. మూడు పోతాయి."

ఆయన వేలు మ్యాపుమీద దిబ్బ దగ్గర ఆగింది. దారికి అడ్డం లేకుండా చూడటమే ఆయన జీవితం. ఇప్పుడు అడ్డం కోరుకోవాలి. "మూడంటే సగం" అన్నారు.

"పోనీ అన్నయ్యా. సగం పోయినా ఇరవై తొమ్మిది మిగులుతుంది."

అన్నయ్యా అన్నాడు. ఆయన అది వినబడనట్టే, "ఇరవై తొమ్మిదేనా? సరిగ్గా చూడు" అన్నారు.

డిసెంబరు 17

మౌనం ఇంకా ఉంది. పంతులుగారు లేచి కూర్చుంటున్నారట. అయినా ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటే మంచిది.

అన్నదమ్ములు అవతలికి వెళ్ళి డిష్ దింపారు. ట్యాంకు కిందుగా గోడకి స్తంభం బిగించి దానికి పెట్టారట. ఈసారి ఎడమ, కుడి అన్నీ వాళ్ళే మాట్లాడుకున్నారు. "ఎడమ అంటే ఎవరి ఎడమో ఇంకా తేలలేదు వదినా, ట్యాంకు కింద గొడవే గొడవ" అంది ఆడపడుచు ఫోనులో. వాళ్ళు తిరిగొచ్చాక ఫోను మరిది నా చెవి దగ్గర పెట్టాడు.

డిసెంబరు 19

గాలి. ఈ నెలలో ఎప్పుడూ లేనంత గాలి. నిమ్మళం కావాలంటే గాలి వస్తుంది, వద్దంటే నిమ్మళం వస్తుంది. లింకు బాగానే ఉంది కానీ దానివల్ల ఏమీ తెలియదట. గాలి ఆగితేనే తెలుస్తుందట. ఆయన గంటకోసారి కిటికీలోంచి చెట్లవైపు చూస్తున్నారు.

ప్రార్థనలో ఏం అడగాలో తెలియక నీ ఇష్టం అన్నాను.

డిసెంబరు 22

తెల్లవారుతూనే ఆకు కదల్లేదు. ముగ్గురం టీలు పట్టుకుని కంప్యూటరు ముందు నిలబడ్డాం. అంకె ఇరవై తొమ్మిదికి అటూ ఇటూ ఊగింది. కిందికి పడలేదు. ఎండ ఎక్కింది. పడలేదు.

ఆయన వెళ్ళి బీరువా ఒకవైపు పట్టుకున్నారు. వాడు రెండోవైపు పట్టుకున్నాడు. గోడవారకి జరిపారు. అది ఉన్నచోట నేలమీద దుమ్ము చారలు. నేనే తుడిచాను.

మౌనం విడిచాను. మొదటి మాట, "ఆ చెప్పులు బయట విడవండి."

డిసెంబరు 30

కమిటీ వచ్చింది. మూడు రోజులు వరసగా పొద్దున్నే పెద్దాసుపత్రి గదిలో తెర ముందు కూర్చున్నారు. ఒక్కరోజు కూడా గాలి లేదు. బొమ్మ నిలబడింది. పంతులుగారి గుండె గీత మొత్తం వచ్చింది, మొదటినుంచి చివరిదాకా. కమిటీలోని ముసలి డాక్టరు దాన్ని వేలితో చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడ కాస్త గీసుకుంది, అంతే. బతికే మనిషే" అన్నారు. తెరమీద పంతులుగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నమస్కారం పెట్టారు.

కేంద్రం ఉంటుంది. సంతకాలయ్యాయి. సూపరింటెండెంటు మాతో కరచాలనం చేసి వెళ్ళిపోయారు.

అన్నదమ్ములిద్దరూ మేడమీదికి డిష్ చూడటానికి పోయారు. దింపాలని మొదట అన్నది ఎవరన్నదాని మీద అరుచుకోవడం మెట్లమీదనుంచి వినపడుతోంది. గదిలో నేనొక్కదాన్నే. తెరమీద ఆడపడుచు మిగిలింది. ముందుగా కళ్ళు తుడుచుకుంది. తర్వాత ముక్కు చీది, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వదినా, వాళ్ళిద్దరికీ ఒక మాట చెప్తావా?"

"చెప్తాను."

"ఉన్నది ఉన్నట్టు చెప్తావా?"

చెప్తానన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. నేను మధ్యలో ఊ కొట్టలేదు. అయ్యాక మెట్లెక్కి పైకి వెళ్ళాను. వాళ్ళు డిష్ వెనక నిలబడి వేళ్ళు చూపించుకుంటున్నారు.

"మీ చెల్లెలు ఒక మాట చెప్పమంది" అన్నాను.

"బాగుందట కదా, తెలుసులే" అన్నారు ఆయన.

"బాగుందనలేదు. ఇలా అంది. 'ఒకడు పెద్ద వెధవ, ఒకడు చిన్న వెధవ. వీళ్ళ పౌరుషంకోసం నా రోగులు నల్లటి తెర ముందు కూర్చున్నారు. పంతులుగారు నొప్పితో వంకర్లు పోతుంటే చెయ్యి పట్టుకుని, ఇదిగో డాక్టరుగారు వచ్చేస్తున్నారు అని అబద్ధం చెప్పాను. ఆయన నా మాట నమ్మి తెరవైపే చూస్తున్నాడు. ఆ చూపు వీళ్ళిద్దరూ చూసి ఉండాల్సింది. ఇంకోసారి మాటలు మానుకుంటే నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. నా గుమ్మం తొక్కొద్దు.'"

నా గొంతు ఎప్పటిలాగే ఉంది, మెల్లగానే. కానీ ఒక్క మాట కూడా తగ్గించలేదు. మరిది డిష్ స్తంభం పట్టుకుని కిందికి చూస్తున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

"నిజంగా అలాగే అందా?"

"అలాగే అంది. ఇంకా ఉంది."

"ఇంకా ఏముంది?"

"మిగతాది నా గురించి."

ఇద్దరూ తలెత్తారు. "అది వద్దులే వదినా" అన్నాడు మరిది.

వద్దన్నా నేను వినలేదు. మా వదిన మెత్తన అని అందరూ మెచ్చుకుంటారు, ఆ మెత్తదనం పంతులుగారి మెడకి ఉరై కూర్చుంది అంది ఆడపడుచు. అది కూడా చెప్పాను.